చావడి లినక్స్ మీద నడుస్తదా?

నాకు సపోర్ట్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు మా అత్తమ్మ అడిగిన మొదటి మాట, "ఎవలకు సపోర్టు?" అని. అవి ఎలక్షన్ల రోజులు. ఏదో పార్టీ వాళ్లు జీతమిచ్చి కోడలిని ఇల్లిల్లూ తిప్పబోతున్నారని ఆమె అనుమానం. పార్టీ కాదత్తమ్మా, సాఫ్ట్‌వేర్ కంపెనీ అన్నాను. ఆమె ఫికర్ ఇంకా పెరిగింది. "అంత పెద్ద కంపెనీకి నీ సపోర్టెందుకే? వాళ్లకెవలు లేరా?" అంది. నవ్వి ఊరుకున్నాను.

వికారాబాద్ నుంచి హైదరాబాద్‌కు రోజూ రైల్లో పోయి వచ్చే బతుకు ముగిసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. ఈ మధ్య మా వీధిలో ఇద్దరు అమ్మాయిలకు ఇలాంటి ఉద్యోగాలే వచ్చాయి. "ఆంటీ, చేరేముందు ఏమేం నేర్చుకోవాలె?" అని వచ్చి అడిగారు. కంప్యూటర్ సంగతులు నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ప్రమోషన్లు ఎలా వస్తాయో నన్నడిగి లాభం లేదు, వచ్చినప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. అందుకని నాకు నిజంగా బుద్ధి చెప్పిన ఒక గొడవ గురించి రాస్తాను. మా ఆఫీసులో దాన్ని లినక్స్ గొడవ అనేవాళ్లు.

చావడి చచ్చింది

మా సరుకు పేరు చావడి. ఇంట్లో పాత ఫోన్లలో, సీడీల్లో, పెన్‌డ్రైవుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న పెళ్లి వీడియోలు, ఫొటోలు, పాటలు, సినిమాలు అన్నింటినీ ఒక కంప్యూటర్‌లోకి చేర్చి, రిమోట్ పట్టుకుని టీవీలో చూసుకునే సాఫ్ట్‌వేర్. ఇంగ్లీషులో హోం మీడియా సెంటర్ అంటారు. చిన్న అట్టపెట్టెలో ఒక పెన్‌డ్రైవు, ఒక రిమోట్ పెట్టి అమ్మేవాళ్లం. ఊరి చావడిలో లాగా ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుంటారని ఆ పేరు పెట్టిన మహానుభావుడు మురిసిపోయాడు. అది పాడైతే జనం ఏమంటారో మాత్రం ఆలోచించలేదు. పొద్దున్నే ఫోనెత్తితే, "మేడం, మా చావడి చచ్చింది" అని వినిపించేది. అయ్యో పాపం అనాలో, రీస్టార్ట్ చేయమనాలో తెలిసేది కాదు.

ఒకసారి వికారాబాద్ నుంచే ఒకావిడ రిమోట్ పనిచేయట్లేదని వారం రోజులు ఫోన్ చేసింది. బ్యాటరీలు మార్పించాం. రిమోటే మార్పించాం. కొత్తదీ రెండు రోజులకే మొరాయించింది. చివరికి నేనే రైలు దిగి వస్తూ వాళ్లింటికి వెళ్లాను. రిమోట్‌కు దుమ్ము పట్టకుండా ఆవిడ ముచ్చటైన గుడ్డ తొడుగు కుట్టింది. సరిగ్గా రిమోట్ కన్ను ఉన్నచోట ఎర్రదారంతో గులాబీ పువ్వు. ఆ పువ్వును విప్పమనడానికి నాకు నోరు రాక, కుట్టు చాలా బాగుందని పొగిడి, దాన్ని కాస్త కిందికి జరిపి కుట్టమన్నాను. జరిపింది, పనిచేసింది. ఈ ఉద్యోగంలో సగం ఇదే. వాళ్ల పువ్వు చెడకుండా మన కన్ను తెరిపించుకోవాలి.

మూర్తి గారు

నేను చూసిన బాసుల్లో మూర్తి గారు మంచివారు. గోదావరి మనిషి, వయసులో నాకంటే చిన్న. ఫోన్ పెట్టేసేదాకా ఎవరూ నవ్వకూడదని రూలు పెట్టి, ముందు తానే నవ్వేవారు. ఆయనకున్న ఒకే లోపం, ప్రతిదానికీ గ్రాఫు గీత గీసి చూపించడం. ఫిర్యాదుల గీత పైకి పోతే అన్నం సహించేది కాదు, కిందికి వస్తే అందరికీ సమోసాలు తెప్పించేవారు.

లినక్స్ గొడవ ఆయన హయాంలోనే వచ్చింది. తెలియనివాళ్ల కోసం ఒక ముక్క: కంప్యూటర్‌ను నడిపించే అడుగు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. చాలామంది దగ్గర పేరులోనే కిటికీలున్నది ఉంటుంది, దాన్ని కొనుక్కోవాలి. లినక్స్ ఉచితం, ఎవరి సొత్తూ కాదు, చేతనైనవాళ్లు విప్పి బాగు చేసుకోవచ్చు. కొత్త కిటికీలు పాత కంప్యూటర్లను గుమ్మంలోకే రానివ్వవు. లినక్స్ వాటినీ రానిస్తుంది.

మా ఆఫీసులో దీనికి భక్తుడు నర్సింలు. ధారూర్ అబ్బాయి, నేనెక్కే రైల్లోనే వచ్చేవాడు. ఎవరూ చెప్పకుండానే తన ఇష్టం కొద్దీ చావడిని లినక్స్ మీద పనిచేసేలా మార్చాడు. "మేడం, పాత కంప్యూటర్లు పారేయకుంట పనికొస్తయి. దీనికి సపోర్ట్ ఇయ్యాలె మనం" అని దారి పొడుగునా చెప్పేవాడు. మూర్తి గారేమో, "లినక్స్ అని ఒకటుందా అండీ? ఊరికొకటి, వీధికొకటి. వాడేవాళ్లు పదిమంది, రాసే ఉత్తరాలు పదిమూరలు" అనేవారు. అదీ నిజమే. లినక్స్ వాళ్లు తిడుతూ తిడుతూ మందు కూడా వాళ్లే చెప్తారు. నాకైతే వాళ్లంటే ఇష్టం. రోగమేంటో చెప్పకుండా డాక్టర్‌ను తిట్టేవాళ్లతోనే కష్టం.

ఒక్క మాట

ఇక రఫీక్ సంగతి చెప్పాలి. తాండూరులో ఒకప్పుడు పెళ్లి వీడియోలు తీసిన మనిషి. క్యాసెట్ పోయి సీడీ వచ్చినా, సీడీ పోయి పెన్‌డ్రైవు వచ్చినా, చుట్టుపక్కల ఇళ్ల పెళ్లిళ్లన్నీ ఆయన దుకాణంలోనే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారేవి. నన్ను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. ఏదో ఆఫీసు తీసేసిన పాత కంప్యూటర్లు కొని, బాగు చేసి, లినక్స్ వేసి ఇళ్లకు ఇచ్చేవాడు. నర్సింలు తన లినక్స్ చావడిని పరీక్షించమని మొదట ఇచ్చింది రఫీక్‌కే.

లినక్స్‌కు సపోర్ట్ ఇవ్వాలా వద్దా అని మీటింగు పెట్టే ముందు, మూర్తి గారు న్యాయంగా ఉండాలని తన గదిలోంచి స్వయంగా రఫీక్‌కు ఫోన్ చేశారు. "లినక్స్ మీద మన చావడి ఎలా ఉందండీ?" అని అడిగారు. రఫీక్, "నడుస్తది సార్" అన్నాడు.

ఇక్కడ ఆగాలి. మూర్తి గారి ఊళ్లో నడుస్తుంది అంటే నడుస్తుందనే అర్థం. మా వైపు ఆ మాటకు అంత తిన్నని నడక లేదు. పొట్టిగా "నడుస్తది" అంటే సరిపోతుంది, ఉన్నదాంతో గడిచిపోతుంది అని. "నడుస్తదీ..." అని సాగదీస్తే, అడక్కు, ఏదో లాగుతున్నా అని. "నడుస్తది తియ్" అంటే, నువ్వు చేసింది బాగాలేదు గాని పోనీలే, వదిలేశా అని. కూరలో ఉప్పు తక్కువైనా నడుస్తది, బస్సులో సీటు లేకపోయినా నడుస్తది. నిజంగా బాగా నడిచేదాన్ని ఎవరూ నడుస్తది అనరు, మస్తుంది అంటారు.

మర్నాడు మీటింగులో మూర్తి గారు, "బ్రహ్మాండంగా నడుస్తుందని తాండూరు నుంచే చెప్పారండీ" అని ప్రకటించారు. ఆ బ్రహ్మాండంగా అన్నది రఫీక్ నోట్లోంచి వచ్చింది కాదని చాలా రోజుల తర్వాత ఆయనే చెబితే గాని మాకు తెలియలేదు. నర్సింలు పొంగిపోయాడు. వచ్చే నెల అట్టపెట్టెల మీద అచ్చు పడింది: లినక్స్‌కు కూడా సపోర్ట్ ఉంది.

ఆ పెట్టె తాండూరు చేరింది. రఫీక్ చదివి, కంపెనీయే అచ్చు వేసిందంటే అన్నీ పరీక్ష చేసే వేసి ఉంటారనుకున్నాడు. కంపెనీ రఫీక్ మాట నమ్మింది, రఫీక్ కంపెనీ మాట నమ్మాడు. ఆ ధైర్యంతో తాండూరులో, పక్కనున్న కరణ్‌కోటలో చాలా ఇళ్లలో చావడి పెట్టాడు. పెట్టేటప్పుడు ప్రతి ఇంట్లో చెప్పింది ఒకటే: "ఏమన్న అయితే నేనున్న. ఇది నా జబాన్."

గళ్లు

కొన్నాళ్లకు చావడికి కొత్త వెర్షన్ వచ్చింది. అప్పటికి నర్సింలును వేరే పనికి మార్చారు. లినక్స్ సంగతి చూసుకోవడానికి ఎవరినీ పెట్టలేదు. సపోర్ట్ ఉందని అట్ట మీద వేసినవాళ్లు, అది ఎవరి పని అన్నది మాత్రం ఎక్కడా వేయలేదు. కొత్త వెర్షన్‌లో తెలుగు అక్షరాలు చూపించే ఫాంట్ లినక్స్ వాళ్లకు అందలేదు. దాంతో పెళ్లిళ్లు, పుట్టినరోజులు, సినిమాలు, అన్నింటి పేర్లూ టీవీ మీద వరసగా ఖాళీ గళ్లయి కూర్చున్నాయి.

కరణ్‌కోటలో రాజమణి అని ఒకావిడ. భర్తకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. చిన్న కూతురి పెళ్లిచూపులకు అబ్బాయి తరఫువాళ్లు వచ్చారు. పెద్ద బిడ్డ పెళ్లి ఎంత ఘనంగా చేశామో చూపిద్దామని టీవీ పెట్టారు. ఏ గడిలో ఏముందో తెలియక ఒకటి నొక్కితే రాజమణి మామగారి భూస్థాపన వచ్చింది. పాస్టర్ గారు సమాధి దగ్గర ప్రార్థన మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు భక్తిపరులు. టీవీలో ప్రార్థన వినగానే అందరూ లేచి, కళ్లు మూసుకుని, ఆమెన్ దాకా నిలబడ్డారు. మధ్యలో ఆపే ధైర్యం ఈ ఇంటివాళ్లకు లేకపోయింది. ఆశ్చర్యం ఏమంటే సంబంధం కుదిరింది. ప్రార్థన బాగుందన్నారట.

ఈ కథ విన్న రోజు ఆఫీసులో మూర్తి గారి రూలును ఎవరూ పాటించలేకపోయాం.

ఫోన్లు తగ్గాయి

మొదటి వారం తాండూరు వైపు నుంచి ఫోన్లే ఫోన్లు. రెండో వారం సగమయ్యాయి. తర్వాత దాదాపు లేవు. మూర్తి గారు గీత చూపించి, "చూశారా సుగుణ గారూ, అలవాటు పడిపోయారు. లినక్స్ మనకు అనవసరం. వచ్చే అచ్చులో ఆ లైను తీసేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నారు. సమోసాలు కూడా వచ్చాయి.

ఆ సాయంత్రం రైల్లో ఉండగా రఫీక్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు, ఆ రోజు గొంతు చిన్నది చేసుకున్నాడు.

"ఆపా, నర్సింలు చెప్పిండు, పెట్టె మీద రాత తీసేస్తరంట గదా. నిజమేనా?"

"అనుకుంటున్రు భాయ్. ఇంక తెగలేదు."

"మీ రాత తీసేసుకుంటరు, ఆపా. మంచిదే. నేను ఇంటింటికి పోయి నోటితోని చెప్పిన గదా, గది యాడికెళ్లి తీసెయ్యాలె?"

ఫోన్లు తగ్గినయ్ గదా భాయ్ అన్నాను, అదేదో ఓదార్పు అయినట్టు.

"గదే నా పరేషాన్" అన్నాడు. "మొదట మస్తు తిట్టిన్రు. పోయిన, కూసున్న, ఛాయ్ తాగిన, మల్ల తిట్టిచ్చుకున్న. ఇప్పుడు ఎవ్వలు తిడ్తలేరు. బజార్ల ఎదురుపడితే నడుస్తది తియ్ భాయ్ అంటున్రు. ఇరవై ఏండ్ల సంది ఈ ఊర్ల నా ఇజ్జత్ ఒక్కటే ఉన్నది ఆపా, దుకాణం గూడ కిరాయిదే."

వికారాబాద్ వచ్చినా దిగాలని గుర్తు రాలేదు. పక్క సీటు ఆయన లేపితే దిగాను. నాకు కోపంగా ఉంది. గీత కిందికి దిగినప్పుడల్లా మేం తిన్న సమోసాల మీద కోపం. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఫోన్లు తగ్గడానికి రెండే కారణాలు: పని బాగుపడటం, మనిషి మన మీద ఆశ వదులుకోవడం. గీత రెండింటికీ ఒకేలా దిగుతుంది.

కరణ్‌కోటలో

మర్నాడు మూర్తి గారితో తాండూరు పోయొద్దాం రండి అన్నాను. ఎందుకండీ అంటే, కందిపప్పు బాగుంటుందన్నాను. ఆదివారం ఆయన హైదరాబాద్‌లో ఎక్కారు, నేను వికారాబాద్‌లో ఎక్కాను. స్టేషన్‌కు రఫీక్ వచ్చి, ఆటోలో కరణ్‌కోట తీసుకెళ్లాడు. దారి పొడుగునా మూర్తి గారు నాపరాళ్ల గుట్టలు చూస్తూ, వీటితో మా ఊళ్లో అరుగులు వేయించవచ్చండీ అంటున్నారు. రఫీక్ ఊఁ కొడుతున్నాడు.

రాజమణి మాకు కుర్చీలు వేసింది, మంచినీళ్లిచ్చింది. ఆమె అత్త మంచం మీద కూర్చుని రిమోట్ పట్టుకుని ఉంది. ఆమెకు చదువు రాదు. రఫీక్ మాత్రం లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. కూర్చో భాయ్ అంటే, పర్వాలేదన్నాడు. రెండోసారి ఎవరూ అనలేదు.

టీవీ నిండా గళ్లు. మూర్తి గారి మొహం చిన్నబోయింది. "ఇలా ఎలా చూసుకుంటున్నారమ్మా?" అన్నారు.

"లెక్క వెట్టుకున్నం సార్" అంది రాజమణి. "మీదికెల్లి రెండో డబ్బా పెద్దపిల్ల పెండ్లి. దాని కింద డబ్బా మా మామది. మా అత్తకు నేను చెప్పుడే అక్కర్లే, ఆమెనే ఒత్తుకుంటది. పొద్దుగాల ఒకసారి మా మామను చూడంది ఛాయ్ తాగది."

ముసలమ్మ మూడో గడి నొక్కి చూపించింది. మూర్తి గారు బాగా కదిలిపోయారు. "మీకు చాలా ఇబ్బంది పెట్టామమ్మా" అన్నారు.

"నడుస్తది తియ్ సార్" అంది ఆమె, ఎంతో మర్యాదగా.

మూర్తి గారి మొహంలోకి వెలుగు వచ్చింది. నా వైపు వంగి, "నడుస్తుందంటున్నారు కదండీ" అన్నారు మెల్లగా.

అప్పుడు చెప్పాను. గొంతు తగ్గించుకున్నానో లేదో నాకు గుర్తు లేదు. "సార్, నడుస్తుందని కాదు. మిమ్మల్ని వదిలేసిందని. మీతో పని లేదని అంత మంచిగా చెప్పింది. ఆ రోజు రఫీక్ మీకు చెప్పింది కూడా నడుస్తది అనే, బ్రహ్మాండంగా అని కాదు."

రాజమణి తల వంచుకుని పైట సర్దుకుంది. కాదని మాత్రం అనలేదు. మూర్తి గారు ఆమెను చూశారు, గడప దగ్గర నిలబడ్డ రఫీక్‌ను చూశారు. తిరుగు రైల్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మరి మీరంతా ఇన్నేళ్లుగా నాతో ఎన్నిసార్లు నడుస్తుంది అన్నారండీ?" నేను కిటికీలోంచి కంది చేలు చూశాను.

నా తీర్పు

మర్నాడు మళ్లీ మీటింగు. లినక్స్‌కు సపోర్ట్ ఉండాలా వద్దా? నర్సింలు ఉండాలన్నాడు, లెక్కలవాళ్లు వద్దన్నారు. రెండు వైపులా న్యాయముంది. నన్నడిగితే నేను చెప్పింది ఇది: లినక్స్‌లన్నింటికీ ఇస్తామనడం అబద్ధం, దేనికీ ఇవ్వమనడం ద్రోహం. రఫీక్ ఇళ్లలో వేసే లినక్స్ ఏదో దాని పేరే పెట్టె మీద వేయండి. అది చెడితే ఫోనెత్తే మనిషి పేరు లోపల చీటీ మీద వేయండి. మిగతా రకాలకు మా వల్ల కాదని కూడా అక్కడే వేయండి. సపోర్ట్ అంటే లినక్స్ మీద అది పనిచేయడం కాదు, పని చేయనప్పుడు ఎవరు నిలబడతారన్నది. నిలబడే మనిషి లేనిచోట ఆ మాట అచ్చు వేయకూడదు.

మూర్తి గారు ఒప్పుకున్నారు. చీటీ మీద నర్సింలు పేరు పడింది. వాడు రెండు వారాలు కూర్చుని తెలుగు ఫాంట్ చేర్చి, పేర్లన్నీ అకారాది క్రమంలో చక్కగా వచ్చేలా చేశాడు. రఫీక్ ఆ కొత్త వెర్షన్ పట్టుకుని ఒక్కో ఇంటికీ తిరిగాడు.

ఫోన్

కొన్ని రోజులకు కరణ్‌కోట నుంచి ఫోన్. రాజమణి.

"మేడం, అచ్చరాలైతే వచ్చినయ్ గాని పెద్ద లొల్లి అయింది. వరస మారిపోయింది. మా అత్త పొద్దుగాల ఎప్పటిలెక్కనే మూడోది ఒత్తింది. ఎవలిదో సీమంతం వచ్చింది."

అకారాది క్రమం చదువు వచ్చినవాళ్లకే అక్కరకొస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. "ఫికర్ వడకమ్మా, రఫీక్ భాయ్‌ని ఇప్పుడే పంపిస్త" అన్నాను.

"పంపుడేంది మేడం, ఆయన పొద్దుగాల సంది ఈడనే ఉన్నడు. కుర్చీల కూసున్నడు, రెండో ఛాయ్ నడుస్తున్నది. మా అత్త ఇడిసిపెడ్తలేదు. జర వినున్రి."

ఫోన్ అటు తిప్పినట్టుంది. ముసలమ్మ గొంతు గది నిండా వినిపించింది: "నా ముసలోన్ని యాడ దాసినవ్ కొడకా? నువ్వు చెప్తెనే గదా నేను గీ డబ్బ పెట్టిచ్చుకున్నది. ఎతికి ఇయ్యంది లేస్తే కాళ్లిరగ్గొడ్త." వెనక రఫీక్ నవ్వుతూ, "ఇస్త అమ్మా, ఇస్త, ఛాయన్న తాగనియ్యి" అంటున్నాడు. అంత సంతోషంగా తిట్లు తింటున్న మనిషిని నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు, వినలేదు.

ఫోన్ పట్టుకుని మూర్తి గారి గదిలోకి వెళ్లి, ఆయన టేబుల్ మీద పెట్టి స్పీకర్ నొక్కాను. ఆయన గీతల కాగితాలు పక్కకు జరిపి, ముసలమ్మ అలసిపోయేదాకా విన్నారు.